ఇనప్పెట్టె మీద ఆకుపచ్చ రంగు

మా ఆయనకి నిడదవోలులో వెల్డింగ్ షెడ్డు ఉంది. గేట్లు, గ్రిల్స్, మేడమెట్లకి రెయిలింగులు చేస్తారు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా ఉండేదాన్ని. కరోనా వచ్చినప్పుడు స్కూలు మూతపడింది. మళ్ళీ తెరిచాక పిల్లలకి డ్రాయింగ్ అక్కర్లేదనుకున్నారో ఏమో, నన్ను రమ్మనలేదు.

ఆ రోజుల్లోనే, నడపలేక మూసేసిన ఒక రైసుమిల్లు నుంచి పాత ఇనప్పెట్టె ఒకటి తుక్కు కింద షెడ్డుకి వచ్చింది. నిలువెత్తు పెట్టె. తలుపు తెరవాలంటే రెండు చేతులూ వేసి, ఒళ్ళంతా వెనక్కి వాల్చాల్సిందే. మా ఆయన గ్యాస్ కటింగ్ పెట్టబోయి ఆగిపోయారు. "దీన్ని కొయ్యబుద్ధి కావట్లేదే" అన్నారు. ఆయన తుప్పు వదలగొట్టి, కీళ్ళకి నూనె పట్టించి, తాళం బాగుచేశారు. ఖాళీగా ఉన్నాను కదా అని నేను దానికి నీలం రంగు వేసి, తలుపు చుట్టూ కలంకారీ చీర అంచులో ఉండే తీగలు, చిలకలు దించాను. గేటు పని మీద వచ్చిన భీమవరం ఆయన ఒకరు, రొయ్యల మేత వ్యాపారి, దాన్ని చూసి తన హాల్లోకి కావాలన్నారు. ఆయన ఇంటికి వచ్చినవాళ్ళు చూసి మాకు ఫోన్ చేశారు. అలా మొదలైంది ఈ పని.

ఇప్పుడు ఊళ్ళలో పాత లోగిళ్ళు పడగొడుతుంటే ముందుగా మాకే కబురొస్తుంది. మేం బాగుచేసిన పెట్టెలు తీసుకెళ్ళినవాళ్ళు వాటిలో విలువైనవేం పెట్టుకోరు. ఒకావిడ దేవుడి పటాలు పెట్టుకుంది. ఒకాయన సీసాలు పెట్టుకున్నాడు, లోపల లైటు కూడా బిగించమన్నాడు. దాచుకోవడానికి చేసిన వస్తువుని చూపించుకోవడానికి తయారుచేస్తున్నామని మేమిద్దరం మొదట్లో నవ్వుకునేవాళ్ళం.

నేను చెప్పబోయేది మాత్రం అమ్మిన పెట్టె గురించి కాదు, మా గుడి పెట్టె గురించి. మేం క్రైస్తవులం, చర్చిని మా వైపు గుడి అనే అంటాం.

మా అత్తవారి ఊరు నిడదవోలుకి దగ్గరే, కాలవ గట్టు మీదుగా వెళ్ళాలి. మేం టౌన్లో ఉన్నా ఆదివారం ఆరాధనకి ఆ ఊరి గుడికే వెళతాం. పాత గుడి గోడలు బీటలిచ్చాయని పక్కనే కొత్తది కట్టారు. పాత గుడి వెస్ట్రీ గదిలో, అంటే పాస్టరు అయ్యగారు ఆరాధనకి ముందు అంగీ వేసుకునే గదిలో, ఒక ఇనప్పెట్టె ఉండేది. ప్రభురాత్రి భోజనం గిన్నె, పళ్ళెం, బాప్తిస్మం రిజిస్టర్లు అందులోనే ఉంటాయి. చూడ్డానికి మొద్దులా ఉండేది, ఒళ్ళంతా ఆకుపచ్చ రంగు. మేం పాత పెట్టెలు బాగుచేస్తామని తెలుసు కాబట్టి, కొత్త గుడి ప్రతిష్ఠలోపు దీన్నీ బాగుచేసి పెట్టమని సంఘపెద్దలు అడిగారు. మా కానుకగా చేస్తామన్నాం. అయ్యగారు యువకుడు, మా సంఘానికి కొత్తగా వచ్చారు. "తలుపు మీద ద్రాక్షగుత్తి, గోధుమ వెన్నులు వేస్తే బాగుంటుందండి" అన్నారు. సరేనన్నాను.

ట్రాక్టరు ట్రక్కులో షెడ్డుకి తెచ్చాం. కీళ్ళు, తాళం మా ఆయన పని. రంగు గీకడం నా పని. ముందు ద్రావకం పూసి, రంగు ఉబ్బి వదులయ్యాక రేకుతో తీస్తాను. మామూలుగా ఒక పాత పెట్టె మీద రకరకాల రంగులు కనిపిస్తాయి. ఒక యజమాని ఎరుపు వేయిస్తే ఇంకొకరు బూడిదరంగు వేయిస్తారు. దీని మీద పచ్చ కింద పచ్చ, దాని కింద ఇంకో పచ్చ. కొంచెం ముదురో, కొంచెం లేతో, అంతే తేడా.

తలుపు నడిమధ్య అరచేతి కన్నా పెద్దగా ఒక ఉబ్బు ఉండేది. ఏదో పువ్వు డిజైను అయ్యుంటుందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. దాని మీద రంగు వదులుతుంటే ముందు ఏనుగు తొండం బయటపడింది. తర్వాత ఎదురుగా ఇంకో ఏనుగు. రెండింటి మధ్యా పద్మంలో కూర్చున్న లక్ష్మీదేవి. ఇత్తడిలో పోత పోసిన బొమ్మ. చింతపండు పెట్టి తోమితే ధగధగలాడింది. బొటనవేలి గోరంత మొహం, అందులో ముక్కెర కూడా తెలుస్తోంది. నా చేతి కింద చాలా పెట్టెలు వెళ్ళాయి గానీ ఇంత చక్కటి పనితనం ఎక్కడా చూడలేదు.

మా ఆయన వచ్చి నా వెనకాల నిలబడ్డారు.

"మన గుడి పెట్టేనా ఇది?" అన్నారు.

"మీరే కదా దింపించారు."

"అయ్యగారికి ఫోన్ చెయ్యనా?"

"చెయ్యండి."

అయ్యగారు బండి మీద వచ్చి చూశారు. కంగారుపడలేదు. దగ్గరగా వంగి ఏనుగుల్ని చూసి, "ఇది నేనొక్కణ్ణీ తేల్చేది కాదండి. కమిటీని తీసుకొస్తాను. అప్పటిదాకా దీన్ని ముట్టుకోకండి" అని వెళ్ళిపోయారు.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీవాళ్ళు షెడ్డుకి వచ్చారు. అందరికంటే పెద్దాయన తాసీల్దారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. గుడి కట్టడానికి ఎండనక వాననక తిరిగిన మనిషి. పెట్టె వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ చూడలేదు.

"గ్రైండరు పెట్టి లేపెయ్యండి. ఎంత పని?" అన్నారు మా ఆయనతో.

"రివెట్లు కొట్టి బిగించారండి. తీస్తే తలుపుకి చిల్లులు పడతాయి."

"చిల్లులు పూడ్చుకోవచ్చు కదా. మీకు రాని పనా?"

నాకు ఉండబట్టలేదు. "దీన్ని దేవతగా చూడకండి. ఆ పనితనం చూడండి. ఇప్పుడు ఇలాంటిది చెయ్యమన్నా చేసేవాళ్ళు లేరు" అన్నాను.

ఆయన నా మీద విసుక్కోలేదు. నెమ్మదిగానే చెప్పారు. "మీకు పనితనం కనిపిస్తందమ్మా. నేను చిన్నప్పట్నుంచీ ఈ నమ్మకం కోసం నానా మాటలూ పడ్డాను. మా ఆఫీసులో నా వెనకాల ఏమనుకునేవారో నాకు తెలుసు. ఇవాళ ప్రభువు గిన్నె తీసుకెళ్ళి ఆ బొమ్మ వెనకాల పెట్టమంటే నా మనసొప్పదు."

ఇంకొకరు, పెట్టెని ఎవరికైనా ఇచ్చేసి కొత్త బీరువా తెచ్చుకుందామన్నారు. ఏదీ తేలలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుందామని లేచారు.

మా అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఎనభై దాటాయి. మోకాళ్ళ నొప్పుల వల్ల షెడ్డు వైపు రారు. ఓపిక ఉన్నంతకాలం పొలం పనులకి వెళ్ళిన మనిషి. ఇప్పుడు కూర్చునే ఇంట్లో ఏదో ఒక పని అందుకుంటారు. ఆ సాయంత్రం వసారాలో తోటకూర బాగుచేస్తున్నారు. పక్కన కూర్చుని, పెట్టె రంగు గీకుతుంటే ఒక బొమ్మ బయటపడిందని చెప్పాను. ఏం బొమ్మో నేనింకా చెప్పనేలేదు.

"లక్ష్మీదేవి పైకొచ్చేసిందా?" అన్నారు.

నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ కాడలు తుంచుతూనే ఉన్నారు.

"మీకు తెలుసా అత్తయ్యగారూ?"

"తెలీకేం? ఎవరు గీకారు?"

"నేనే."

"ఎందుకు గీకావమ్మాయ్? పైన వేసుకుంటే పోయేది కదా" అన్నారు. నన్ను తప్పుపట్టినట్టు కాదు. జరిగిందానికి కాస్త బాధపడినట్టు.

అప్పుడు చెప్పారు. అత్తయ్యగారు పుట్టిందీ మెట్టిందీ ఆ గుడి ఉన్న ఊరే. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక వానాకాలం కాలవకి గండి పడింది. ఊరంతా నీళ్ళే. గుడి ఒక్కటే మెరక మీద ఉంది, గట్టి కట్టడం. ఊరి చివర వాళ్ళ పేటలో వాళ్ళంతా చేటా చాపా పట్టుకుని గుళ్ళోకి చేరారు. అత్తయ్యగారి నాన్న, ఆ పేటలో చాలామందిలాగే, ఆ ఊరి కామందు పొలంలో పాలేరు. ఆ కామందు ఏదో పని మీద రాజమండ్రి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. లోగిలి గోడలు నాని ఒక పక్క కూలితే, కామందు భార్య అమ్మగారూ కోడళ్ళూ అరుగు మీద బిక్కుబిక్కుమంటూ ఉన్నారని తెలిసి, అత్తయ్యగారి నాన్నా ఇంకో ఇద్దరూ తాటిదోనె వేసుకుని వెళ్ళి వాళ్ళని గుడికి తీసుకొచ్చారు.

"అమ్మగారు అంతకుముందు ఎప్పుడూ పేట వైపు వచ్చింది కాదు" అన్నారు అత్తయ్యగారు. "వచ్చిన రోజు మేం వండింది ముట్టుకోలేదు. ఆకలి ఎన్నాళ్ళాగుద్ది? తర్వాత గంజి తాగింది. నా జుట్టు చింపిరిచింపిరిగా ఉందని దగ్గరికి రమ్మని జడేసింది. ఆవిడ చెయ్యి నాకు తగలడం అదే."

"తర్వాత మీతో బాగుండేవారా?"

"ఏం బాగు? నీళ్ళు తీశాక ఎవరి చోటికి వాళ్ళం. మళ్ళీ మేం వాకిట్లోనే, వాళ్ళు అరుగు మీదే. అదేం మారలేదు."

కానీ ఒకటి జరిగింది. గుడి సామాను పెట్టుకునే చెక్కపెట్టె వరదలో నాని పుచ్చిపోయింది. లోగిలి మళ్ళీ కట్టుకోలేక కామందువాళ్ళు టౌనుకి మారిపోతూ ఉన్నారు. వెళ్ళేముందు అమ్మగారు ఆ ఇనప్పెట్టెని ఎడ్లబండి మీద గుడికి పంపించింది. బండి వెనకాల తనూ నడిచి వచ్చింది. గుళ్ళోకి మాత్రం రాలేదు, మెరక కింద నిలబడే అప్పటి పాదిరిగారిని పిలిపించింది.

"ఏమందంటే" అని అత్తయ్యగారు కూర పక్కన పెట్టారు. "అమ్మవారి మొహం మీ గుళ్ళో కనబడుతుంటే మీకూ ఇబ్బందే, ఆవిడకీ ఇబ్బందే. కొట్టి తీసెయ్యకండి. పైన కప్పెయ్యండి, అంది. పాదిరిగారు అలాగేనమ్మా అన్నారు. గుడి తలుపులకేసిన రంగు మిగిలితే మా నాన్నే దానికి వేశాడు. డబ్బా పట్టుకుని పక్కన నుంచున్నది నేను. ఆ తర్వాత తలుపులకి ఎప్పుడు రంగేసినా దీనికీ వేసేవారు. ఎందుకేస్తున్నారో కొన్నాళ్ళకి ఎవరికీ గుర్తులేదు."

"మీ నాన్నగారికి ఇష్టమేనా, అది గుళ్ళో ఉండడం?"

ఆవిడ కొంచెం ఆలోచించారు. "ఆ లోగిల్లో అది ఉన్న గదిలోకి మా నాన్న ఏనాడూ అడుగు పెట్టింది లేదు. గుళ్ళో మాత్రం ఊడ్చి అలిసిపోతే దానికి వీపానించుకుని కూర్చునేవాడు. చల్లగా ఉందే, అనేవాడు."

నాకు లోపల ఉత్సాహం వచ్చింది. ఈవిడ చేత ఈ మాటలు కమిటీ ముందు చెప్పిస్తే ఇక ఎవరూ ఆ ఇత్తడి జోలికి రారనుకున్నాను. తలుపు మెరుస్తూ అలాగే ఉంటుందనుకున్నాను. "ఆదివారం మీరూ రండి అత్తయ్యగారూ" అంటే, "ఆటో మాట్లాడితే వస్తాను" అన్నారు.

ఆ ఆదివారం షెడ్డులో ఆవిడ కోసం ప్లాస్టిక్ కుర్చీ వేశాం. ముందు పెట్టె దగ్గరికి వెళ్ళారు. చేతికర్ర మీద బరువు మోపి చాలాసేపు చూశారు. "ఎంత మెరిసిపోతందో" అన్నారు మెల్లగా. అప్పుడు కూర్చుని, నాకు చెప్పిందంతా వాళ్ళకీ చెప్పారు. ఎవరూ మధ్యలో అడ్డం రాలేదు.

పెద్దాయన చివరికి, "అయితే ఏం చెయ్యమంటారండి?" అని అడిగారు.

"తీసెయ్యొద్దు బాబూ. మాటిచ్చాం."

"ఎవరికండి మాట? మనల్ని గడప తొక్కనివ్వని వాళ్ళకా?"

"ఆఁ. వాళ్ళకే."

ఆయన తల దించుకున్నారు. నేను ఇదే సమయమనుకుని, "అయితే ఇలాగే ఉంచేద్దామా అత్తయ్యగారూ?" అన్నాను.

"అదెలాగమ్మాయ్? కప్పెయ్యమని కదా ఆవిడ అడిగింది."

నేనూ పెద్దాయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఇద్దరిలో ఎవరి మాటా నెగ్గలేదు. ఆయన కోరినట్టు ఆ బొమ్మ పోదు, నేను కోరినట్టు కనబడదు.

అయ్యగారు అన్నారు, "అలాగే చేద్దామండి. కాకపోతే ఈసారి సంఘానికి చెప్పి కప్పుదాం. ఎందుకు వేశారో తెలీకుండా రంగు మీద రంగు వేస్తూ పోవడం నాకిష్టం లేదు."

"అందరికీ చెప్తారా?" అన్నారు పెద్దాయన.

"చెప్పాలి కదండి."

పెద్దాయన ఒప్పుకున్నట్టూ అనలేదు, కాదనీ అనలేదు. "మీ ఇష్టం" అని చెప్పులేసుకున్నారు.

కొత్త గుడికి టేకు తలుపులు, వాటికి రంగు లేదు, పాలిష్షే. అందుకని పచ్చరంగు విడిగా కొనాల్సి వచ్చింది. షాపు నుంచి రంగుల కార్డు తెచ్చి అత్తయ్యగారి ముందు పెట్టాను. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్కటే చూసి, ఒకదాని మీద వేలు పెట్టారు. మిగతావాటి మధ్య అది కాస్త పాతబడ్డట్టు కనిపించే పచ్చ. నేనైతే ఎంచుకునేదాన్ని కాదు.

ముందు ఇత్తడి మీద పల్చగా వార్నిష్ వేశాను, ఎప్పుడైనా ఎవరైనా మళ్ళీ రంగు తీయాలనుకుంటే ఇత్తడికి దెబ్బ తగలకుండా. అంచుల నుంచి పచ్చ వేసుకుంటూ వచ్చాను. ఏనుగులు మూసుకున్నాయి. పద్మం మూసుకుంది. ఇక మొహం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. మా ఆయన చూశారు.

"నేను వెయ్యనా?" అన్నారు.

"వద్దు. నేనే గీకాను కదా."

అత్తయ్యగారు ఆ రోజు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేను బ్రష్షు దించినంతసేపూ చూస్తూనే ఉన్నారు. ప్రార్థనేమీ చెయ్యలేదు. అయిపోయాక, "ఆ కింద మూల కొంచెం తక్కువ పడిందమ్మాయ్" అని చూపించారు. నిజమే. అక్కడ ఇంకో చెయ్యి వేశాను.

ఇన్నేళ్ళుగా నేను చేసిందంతా పాత వస్తువుల లోపలి అందాన్ని పైకి తీయడమే. ఉన్నదాన్ని కప్పడం అదే మొదటిసారి. ఆ పని నాకు నచ్చిందని చెప్పలేను. ఇప్పటికీ ఒక్కోసారి, ఆ అమ్మగారు తన దేవత మీద గౌరవంతో కప్పమందా, మా గుడి గాలి తగలకూడదని కప్పమందా అని అనుమానం వస్తుంది. అత్తయ్యగారిని అడిగితే, "రెండూ అయ్యుంటాయి. మనిషన్నాక ఒకటే ఉంటదా?" అన్నారు. పాదిరిగారు ఏమనుకుని ఒప్పుకున్నారో అడగడానికి ఆయన లేరు. ఇటు వాళ్ళూ అటు వాళ్ళూ ఒకరి మీద ఒకరికి పూర్తిగా నమ్మకం లేకుండానే ఒక మాట మీద నిలబడ్డారు. అది నాకు అర్థమయ్యేసరికి నా చేతికి పచ్చరంగు అంటుకుని ఉంది.

పచ్చ ఆరాక చుట్టూ బొమ్మ వెయ్యాలి. ద్రాక్షగుత్తులు తేలిగ్గానే వచ్చాయి. గోధుమ వెన్నులు ఎన్నిసార్లు గీసినా చేతికి రాలేదు. గోధుమ చేను నేనెప్పుడూ చూసింది లేదు. ఫోన్లో ఫొటోలు చూసి గీస్తే గీసినట్టే ఉంది గానీ పండినట్టు లేదు. చెరిపేసి వరి వెన్నులు వేశాను, గింజ బరువుకి వంగినవి. అయ్యగారు చూసి, "గోధుమలు ఇంతలా వంగవేమోనండి" అన్నారు. "ఇవి వరి వెన్నులండి" అన్నాను. నవ్వి ఊరుకున్నారు.

పెట్టెని కొత్త గుడికి చేర్చిన రోజు అందరికంటే ముందు భుజం పట్టింది ఆ పెద్దాయనే. వద్దండీ, మీ వయసుకి బరువంటే వినలేదు. వెస్ట్రీలో గోడవార నిలబెట్టాక, తన తువ్వాలుతో తలుపు మీద వేలిముద్రలు తుడిచారు. నడిమధ్య మాత్రం తువ్వాలు తగలనివ్వకుండా చుట్టూ తుడిచారు. మొహమాటమో, మర్యాదో, ఇంకా కోపమో నాకు తెలియలేదు.

ప్రతిష్ఠ అయిన తర్వాతి ఆదివారం అయ్యగారు ప్రసంగంలో ఆ పెట్టె కథ చెప్పారు. గండి పడడం, దోనె, గంజి, మెరక కింద నిలబడి అడిగిన మాట. ఆయన చెప్పినదాంట్లో లోగిలివాళ్ళు కొంచెం ఎక్కువ మంచివాళ్ళుగా తయారయ్యారు. అత్తయ్యగారు నా పక్కన కూర్చుని, "మళ్ళీ వాకిట్లోనే నుంచున్నామని చెప్పలేదు" అని నాకు మాత్రమే వినబడేట్టు అన్నారు. బయటికొచ్చాక అదే మాట అయ్యగారితోనూ అన్నారు. ఆయన, "నిజమేనండి, అది వదిలేశాను" అని, మరుసటి వారం ప్రకటనల్లో ఆ మాట కూడా చేర్చి చెప్పారు. గుళ్ళో కొందరికి అది రుచించలేదు. అత్తయ్యగారు మాత్రం ఆ రోజు భోజనం దగ్గర ఇంకొంచెం పులుసు వేయించుకున్నారు.

ఆ తర్వాత షెడ్డుకి ఎవరు పాత పెట్టె తెచ్చినా మా ఆయన ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. ఈ మధ్య పెద్దాపురం నుంచి ఒక జంట వచ్చారు, పెళ్ళయి ఎంతోకాలం కాలేదు. ఇద్దరూ కంప్యూటర్ ఉద్యోగాలు, ఇంట్లోంచే పని. వాళ్ళ కుటుంబం పెట్టె అట, మొత్తం గీకేసి గులాబీరంగు వేసిమ్మన్నారు. దాని మీద స్పీకరు పెట్టుకుంటారట.

"దీని గురించి ఇంట్లో పెద్దవాళ్ళనెవరినైనా అడిగారాండీ?" అన్నారు మా ఆయన.

"అడగడానికేముందండి? పాత పెట్టె. మా మేనత్త దగ్గర్నుంచి వచ్చింది" అన్నాడు ఆ అబ్బాయి.

"ఆవిడున్నారా?"

"ఉన్నారండి. సామర్లకోటలో."

"ఒకసారి ఫోన్ చేసి అడగండి. ఆవిడ సరేనంటే రేపే మొదలెడతాం."

అతను నవ్వుకుంటూనే ఫోన్ తీశాడు. "అత్తా, నీ ఇనప్పెట్టెకి రంగేయిస్తున్నాం" అన్నాడు. అటువైపు ఆవిడ ఏదో మొదలుపెట్టింది. అతని నవ్వు కాసేపుండి ఆగింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎప్పుడు? నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. ఆ అమ్మాయి కూడా వెళ్ళి అతని పక్కన ఫోన్‌కి చెవి ఆనించింది. మా ఆయన షెడ్డులో నడుస్తున్న గ్రైండరు ఆపించేశారు. మేమిద్దరం టీ తాగొద్దామని రోడ్డు మీదికి వెళ్ళాం.